కారు ముందు బంపర్ కవర్ ఊడదీయడం

కారు ముందు భాగంలో హెడ్‌లైట్ల కింద, నంబరు ప్లేటు చుట్టూ ఉండే రంగు వేసిన ప్లాస్టిక్ తొడుగే బంపర్ కవర్. వాడుకలో దీన్నే బంపర్ అంటాం. దెబ్బ కాచే అసలు బంపర్ మాత్రం దీని వెనక, బయటికి కనపడకుండా ఉండే ఇనుప దూలం. తొడుగును ఇంటి దగ్గరే పానాలు, స్క్రూడ్రైవర్లతో ఊడదీసి మళ్లీ బిగించుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కారు నడిపేవారికి ఈ పని తెలిసి ఉండడం డబ్బు ఆదా కంటే పెద్ద విషయం. గొడ్డునో ఆటోనో గుద్దిన తర్వాత చాలాసార్లు ప్లాస్టిక్ తొడుగు తిరిగి తన ఆకారానికి వచ్చేస్తుంది, పైకి ఏమీ కానట్టే ఉంటుంది. లోపల దూలం వంగిందో లేదో తెలియాలంటే తొడుగు తీసి చూడవలసిందే.

తొడుగు, దూలం

1958 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు చాలాకాలం క్రోమియం పూత పూసిన ఇనుప బంపర్ ఉండేది. అది బయటికే కనిపించేది, బోల్టులూ కనిపించేవి, వంగితే వంగినట్టే తెలిసేది. ఫ్రాన్సులో 1972లో వచ్చిన రెనో 5తో పెద్ద ఎత్తున అమ్ముడయ్యే కార్లకు ప్లాస్టిక్ బంపర్లు మొదలయ్యాయి. ఆ ఏడాది సెప్టెంబరు నుంచే అమెరికా బంపర్లకు ఒక నిబంధన పెట్టింది. దాని ప్రకారం గంటకు సుమారు 8 కిలోమీటర్ల వేగంతో గోడను తాకినా లైట్లు, ఇంధన వ్యవస్థ వంటివి పాడవకూడదు. 1982లో ఆ వేగాన్ని సగానికి తగ్గించారు. ఐక్యరాజ్యసమితి 42వ నంబరు నిబంధనలో కూడా పరీక్ష వేగం 4 కిలోమీటర్లే. ఇవన్నీ మనిషి నడక, నెమ్మది పరుగు వేగాలకు కట్టిన లెక్కలు. జాతీయ రహదారి మీద తగిలే దెబ్బకు బంపర్ కవర్ అడ్డు నిలవదు, నిలవాలని దాన్ని చేయలేదు కూడా.

నేటి తొడుగు ఎక్కువగా పాలీప్రొపిలీన్. సాగే గుణం కోసం అందులో ఈపీడీఎం రబ్బరునూ, బిగువు కోసం టాల్క్ పొడినీ కలుపుతారు. తొడుగు లోపలివైపు ఈ మిశ్రమం పేరు అచ్చులో పోసి ఉంటుంది. పగులు అతికించేటప్పుడు ఏ రకం ప్లాస్టిక్ కడ్డీ వాడాలో దాన్ని చూసే తెలుసుకుంటారు. తొడుగు వెనక కొన్ని మోడళ్లలో దెబ్బ పీల్చుకునే నురగ దిమ్మె ఉంటుంది. దాని వెనక ఉక్కు దూలం, దూలానికి రెండు కొసల దగ్గర నలిగిపోవడానికే చేసిన రెండు పెట్టెలు. ఆ పెట్టెలు నలిగితేనే దెబ్బ తీవ్రత లోపలి మనిషిదాకా చేరేలోగా తగ్గుతుంది.

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అక్కడి షెడ్లలో లారీ ఇనుప బంపర్ మీద పనిచేసే చేతులకు సుత్తి అలవాటు. కారు తొడుగు దగ్గర ఆ బలం పనికిరాదు. దీన్ని పట్టి ఉంచేవి బొటనవేలి గోరంత ప్లాస్టిక్ క్లిప్పులు, నాలుగైదు చిన్న బోల్టులు, పక్కల దాగి ఉండే కొక్కేలు. ఏది ఎక్కడ ఉందో, ఏది ముందు తీయాలో తెలియడమే ఈ పనిలోని నైపుణ్యం.

ఎందుకు విప్పవలసి వస్తుంది

ఇచ్ఛాపురం నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం, రణస్థలం మీదుగా భోగాపురం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట గొడ్లు అడ్డం రావడం ఈ ప్రాంతపు డ్రైవర్లందరికీ తెలిసిన భయం. ఊళ్లలోకి వస్తే మరో రకం దెబ్బలు. వరస ఇళ్ల వీధుల్లో అరుగుల మధ్య కారు తిప్పేటప్పుడు తొడుగు మూల అరుగు అంచుకు రాసుకుంటుంది, లోపలి కొక్కెం విరుగుతుంది, ఫెండర్ దగ్గర సందు తెరుచుకుంటుంది. పంట చేతికొచ్చే రోజుల్లో నూర్పిడికి రోడ్డు మీద పరిచిన ఉలవ కంప, గడ్డి కారు అడుగున చుట్టుకుని కింది క్లిప్పులను లాగేస్తాయి. వానాకాలంలో నాగావళి, వంశధార పొంగి రోడ్డెక్కిన నీటిలో వేగంగా పోనిస్తే నీటి తాకిడికి కింది పలక ఊడుతుంది, ఒక్కోసారి నంబరు ప్లేటూ పోతుంది.

దెబ్బ తగలకపోయినా విప్పే అవసరాలున్నాయి. చాలా కార్లలో హారన్లు తొడుగు వెనకే ఉంటాయి. ఫాగ్ లాంపు కొత్తగా బిగించాలన్నా, కొన్ని మోడళ్లలో హెడ్‌లైటు మొత్తంగా బయటికి తీయాలన్నా తొడుగు రావాలి. ఏసీ చల్లదనం తగ్గితే, తొడుగు వెనక ఉండే కండెన్సర్ రెక్కల మధ్య మన్ను, పురుగులు, ఊక నిండి ఉండవచ్చు. తొడుగు తీసి తక్కువ ఒత్తిడి నీటితో కడిగితే చాలాసార్లు గ్యాసు నింపే ఖర్చు తప్పుతుంది. కళ్లం పక్కన చాన్నాళ్లు నిలిపి ఉంచిన కారులో ఎలుకలు గడ్డి పోగుచేసుకుని వైర్లు కొరకడమూ ఉంది.

మొదలుపెట్టే ముందు

బీమా క్లెయిము చేసే ఉద్దేశం ఉంటే సర్వేయరు చూసేదాకా కారును ముట్టుకోకూడదు. ఫొటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, వాళ్లు ఒప్పుకున్నాకే విప్పాలి. సాధారణ పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో 50 శాతం తరుగు కింద కోస్తారు. తరుగు లేని పాలసీ విడిగా తీసుకున్నవారికి ఈ కోత ఉండదు. దీనికి తోడు 1500 సీసీ వరకు ఇంజను ఉన్న కారుకు ప్రతి క్లెయిములో 1000 రూపాయలు యజమానే భరించాలి, ఆపై ఇంజన్లకు 2000. క్లెయిము చేస్తే మరుసటి ఏడాది నో క్లెయిమ్ బోనసూ పోతుంది. విరిగింది ఒక మూల కొక్కెం మాత్రమే అయితే ఈ లెక్క వేసుకున్నవారు చాలామంది సొంత ఖర్చుతో బాగు చేయించుకోవడమే మేలనుకుంటారు, అది సరైన ఆలోచనే.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు తప్పనిసరి. వాటి రివెట్లు ఒకసారి తీస్తే మళ్లీ పనికిరావు. ప్లేటు తొడుగుకే అంటి ఉంటుంది కాబట్టి దాన్ని కదపకుండా తొడుగుతో పాటే తీయడం మంచిది. కొన్ని మోడళ్లలో ప్లేటు వెనక ఒక స్క్రూ ఉంటుంది. అలాంటి కారైతే ఇంటి దగ్గర ఈ పని పెట్టుకోకపోవడమే నయం.

2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. దాన్ని తెరిపించే సెన్సర్లు చాలా కార్లలో రేడియేటర్ చుట్టూ ఉండే చట్రం మీదే ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగాకే పని మొదలుపెట్టాలి. పసుపు రంగు కప్లర్ కనపడితే అది ఎయిర్‌బ్యాగుది, ముట్టుకోకూడదు. ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు తొడిగిన తీగలన్నీ ప్రాణాంతకమైన వోల్టేజివి. ఎంజీ జెడ్ఎస్ ఈవీలో చార్జింగు సాకెట్టే ముందు గ్రిల్లులో ఉంటుంది, అలాంటివి కంపెనీ వర్క్‌షాపుకే వదిలేయాలి. మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాగా ముందు రాడార్ ఉన్న కార్లకూ ఇదే మాట. తొడుగు విప్పి బిగించాక రాడార్ గురి సరిచేయడానికి ప్రత్యేక పరికరాలు కావాలి.

కావలసిన సామాను కొద్దిదే: పది నంబరు పానా లేదా టీ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, సన్నటి ఫ్లాట్ స్క్రూడ్రైవర్, రంగు వేసేవాళ్లు వాడే కాగితపు టేపు, పరచడానికి చాప. కొన్ని కార్లకు ఆరు మూలల నక్షత్రం తలకాయ స్క్రూలు ఉంటాయి, వాటికి తగిన బిట్టు వేరే కావాలి. విరగబోయే క్లిప్పుల కోసం అదే మోడలుకు సరిపడే కొత్తవి కొన్ని ముందే కొని పెట్టుకోవాలి. దగ్గరి స్పేర్ పార్ట్స్ దుకాణంలో దొరకనివి విశాఖపట్నం ఆటోనగర్‌లో దొరుకుతాయి.

విప్పే వరస

కారును చదునైన సిమెంటు నేల మీద పెట్టి హ్యాండ్‌బ్రేకు వేయాలి. మట్టి నేల మీద పడిన స్క్రూ మళ్లీ కనపడదు. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉంటే కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా రేడియేటర్ ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది. తెల్లవారుజామున ప్లాస్టిక్ బిగుసుకుని ఉంటుంది, కొంచెం ఎండ తగిలాక మొదలుపెడితే కొక్కేలు విరగవు. ఫెండర్, హెడ్‌లైటు అంచుల వెంట కాగితపు టేపు అంటిస్తే గీతలు పడవు.

బానెట్ ఎత్తగానే గ్రిల్లు పైన క్లిప్పుల వరస కనిపిస్తుంది. ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒక రకంలో నడిమి మొలను స్క్రూడ్రైవర్ కొసతో పైకి లేపాలి, అది లేచాక క్లిప్పు మొత్తం చేత్తో వస్తుంది. రెండో రకంలో నడిమి బొడిపెను లోపలికి నొక్కాలి, టిక్కుమని దిగాక బయటికి లాగాలి. రెండో రకాన్ని మొదటిదనుకుని పెకలించబోతే తల తెగిపోతుంది. చాలామంది దగ్గర మొట్టమొదట విరిగేది ఇదే. క్లిప్పుల పక్కన ఉండే పది నంబరు బోల్టులు కూడా ఇప్పుడే విప్పాలి.

తర్వాత కారు అడుగు భాగం. కింది అంచు వెంట ఉండే స్క్రూలు, క్లిప్పులు నేల మీద పడుకుని చేయి చాపితే అందుతాయి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టడం ఎంత మాత్రం చేయకూడదు. కళింగపట్నం, చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో ఉండే కార్లకు ఈ కింది స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగి, స్క్రూడ్రైవర్‌ను గట్టిగా నొక్కిపెట్టి తిప్పాలి. తొందరపడితే స్టార్ గుంట అరిగిపోయి డ్రిల్లు వేయవలసి వస్తుంది.

అందరూ తప్పిపోయే చోటు చక్రం దగ్గర ఉంది. స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పితే చక్రం వెనకవైపు నల్ల ప్లాస్టిక్ పలక, అంటే లైనర్, కనిపిస్తుంది. దాని ముందు అంచు క్లిప్పులు తీసి కొద్దిగా వెనక్కి వంచితే, తొడుగు, ఫెండర్ కలిసే మూలలో కింది నుంచి పైకి బిగించిన స్క్రూ ఒకటి ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది పది నంబరు బోల్టు. రెండు పక్కలా ఇది తీయకుండా లాగితే తొడుగు చెవి చిరుగుతుంది.

ఇక కొక్కేలు. చక్రం అంచు దగ్గర తొడుగు లోపలికి వేళ్లు పెట్టి పక్కకు, అంటే కారుకు దూరంగా, చిన్న జర్కుతో లాగాలి. టప్పుమని ఒక్కొక్కటీ వదులుతుంది. ముందుకు లాగకూడదు. హెడ్‌లైటు కింది దాకా అలాగే వెళ్లి, రెండో పక్క కూడా అంతే చేయాలి. ఇక్కడి నుంచి ఇద్దరు మనుషులు కావాలి. బరువేమీ లేదు గానీ తొడుగు పొడవు 1.5 నుంచి 1.8 మీటర్లు, ఒక కొస వేలాడితే రెండో కొస మెలిదిరిగి రంగు పగులుతుంది. ఇద్దరూ కలిసి బెత్తెడు ముందుకు జరిపి ఆగాలి. ఫాగ్ లాంపులకు, ఉంటే పార్కింగు సెన్సర్లకు వెళ్లే కప్లర్లు అప్పుడు అందుతాయి. కప్లర్ లాకు నొక్కి ఊడదీయాలి, తీగ పట్టి లాగకూడదు. ఆ తర్వాతే తొడుగును తెచ్చి చాప మీద, రంగు ముఖం పైకి ఉండేట్టు పెట్టాలి. ఎక్కడైనా రాకపోతే బలం పెంచవద్దు, అక్కడ తీయని స్క్రూ ఉందని అర్థం.

వెనక చూడవలసినవి

దూలం తిన్నగా ఉందా, రెండు కొసల పెట్టెల మీద ముడతలు పడ్డాయా, నురగ దిమ్మె చీలిందా అన్నవి మొదటి ప్రశ్నలు. పెట్టె మీద రంగు పెచ్చులు లేచి ఉంటే లోపల ఇనుము ముడత పడిందనే అనుకోవాలి. వంగిన దూలాన్ని వేడిచేసి సుత్తితో తిన్నగా చేయించడం మన షెడ్లలో మామూలే. ఆ పని ఒప్పుకోకూడదు. గట్టి ఉక్కును కాల్చితే దాని బలం తగ్గిపోతుంది, మరోసారి గుద్దినప్పుడు అది చేయవలసిన పని చేయదు. దూలం, పెట్టెలు మార్పించడమే దారి. కండెన్సర్ మీద జిడ్డు మరక ఉంటే ఏసీ గ్యాసు కారుతున్నట్టే. ఎయిర్‌బ్యాగు సెన్సరు బిగించిన చోట వంకర కనిపిస్తే కారును వర్క్‌షాపుకు చేర్చాలి.

గొడ్ల భయంతో చాలామంది ముందు ఇనుప గార్డులు బిగించుకుంటారు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇవి చట్టవిరుద్ధమని చెప్పింది. గార్డు దెబ్బను నలిగే పెట్టెలకు బదులు నేరుగా చట్రానికి చేరుస్తుంది, ఎయిర్‌బ్యాగు సెన్సరు లెక్క తప్పేట్టు చేస్తుంది, దారిన నడిచే మనిషికి తగిలితే ఎముకలు విరుస్తుంది. తొడుగు విప్పి లోపలి ఏర్పాటు ఒకసారి చూసినవారికి ఇది ఇట్టే అర్థమవుతుంది.

తిరిగి బిగించడం

ముందు కప్లర్లు పెట్టి, బ్యాటరీ తగిలించి, లైట్లు, హారను పనిచేస్తున్నాయో చూసుకోవాలి. పక్క కొక్కేలను అరచేత్తో తట్టి కూర్చోబెట్టాలి, ఆ తర్వాత పై బోల్టులు సగం దాకా, చక్రాల దగ్గరి స్క్రూలు సగం దాకా. రెండు పక్కలా హెడ్‌లైటు కింది సందు, ఫెండర్ దగ్గరి సందు సమానంగా వచ్చాకే అన్నీ బిగించాలి. ప్లాస్టిక్‌లో దిగే స్క్రూను చేతి మణికట్టు బలంతో ఆపేయాలి. నొక్కుడు రకం క్లిప్పుల బొడిపెను ముందే వెనక నుంచి పైకి తోసి పెట్టుకోకపోతే అవి పట్టవు. తీరపు ఊళ్ల కార్లకు కింది స్క్రూల మరలకు కాస్త గ్రీజు రాస్తే మరోసారి సులువుగా వస్తాయి.

విరిగిన కొక్కేన్ని, పగిలిన అంచును వేడి సోల్డరింగు కడ్డీతో, లోపలివైపు సన్న ఉక్కు జాలీ కరిగించి దించి అతికిస్తారు. పాలీప్రొపిలీన్‌కు మామూలు జిగురు పట్టదు, రంగు కూడా నేరుగా పట్టదు. దానికోసం చేసిన ప్రైమర్ ముందు వేసి, ఆ పైన రంగు, చివర క్లియర్ కోటు వేయాలి. రాడార్ ఉన్న కారులో రాడార్ ఎదుటి భాగం మీద పుట్టీ గాని, మందపాటి రంగు గాని పడితే దాని చూపు మసకబారుతుంది. అలాంటి చోట పగులు వస్తే తొడుగు కొత్తది వేయించాలి.