ఇమారి పింగాణీ

జపాన్‌లోని క్యూషూ దీవిలో, నాటి హిజెన్ సీమలోని అరితలో తయారై 17, 18 శతాబ్దాల్లో ఐరోపాకు, పశ్చిమాసియాకు ఎగుమతైన పింగాణీ. సరుకు ఓడకెక్కిన రేవు ఇమారి కాబట్టి ఆ పేరే స్థిరపడింది.

జపాన్ పాలకుడు హిదెయోషి కొరియాపై చేసిన దండయాత్రల (1592–98) తరవాత అక్కడి నుంచి తెచ్చిన కుమ్మరులతో ఈ పరిశ్రమ మొదలైంది. వారిలో యీ సామ్ ప్యోంగ్ 1616 ప్రాంతంలో ఇజుమియామాలో పింగాణీ రాయిని కనిపెట్టాడని చెబుతారు. 1644లో మింగ్ వంశం కూలి చైనా సరుకు అందకుండా పోవడంతో డచ్చి ఈస్టిండియా కంపెనీ అరిత వైపు మళ్లింది. 1659లో ఒక్కసారే 50 వేలకు పైగా పాత్రలు పురమాయించింది.

ఇమారి పాత్రకు నీలం ముందు పడుతుంది. దాని మీద గాజు పూత పూసి గట్టి మంటలో కాలుస్తారు. ఎరుపు, బంగారం ఆ పూత పైన దిద్ది తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అరితలోనే పుట్టిన కాకియెమోన్ శైలి తీరు వేరు. పాల తెలుపు నేలను చాలా మేర ఖాళీగా వదిలి, ఒక పక్కన కొర్ర కంకుల కింద రెండు పూరేడు పిట్టలను గీస్తారు. కుండ పగలగొట్టి, నీళ్లలో పడ్డ తోటి పిల్లవాణ్ని కాపాడిన సిమా గువాంగ్ కథ కూడా ఈ శైలిలో ప్రసిద్ధం. అది చైనా కథ.

నిజానికి ఈ బొమ్మల్లో అచ్చమైన జపాన్‌ను వెతకడం దండగ. కొనేవాడి అభిరుచే ఎక్కువ. కంపెనీ కోసం చేసిన నీలి పళ్లెంలో నట్టనడుమ దాని డచ్చి పేరులోని పొడి అక్షరాలు వి, ఓ, సి పెనవేసుకొని ఉంటాయి. చుట్టూ ఫీనిక్స్ పక్షులు, దానిమ్మ పండ్లు. అంచును గళ్లుగా విడగొట్టి వెదురు, పియోనీ పూలు నింపారు. ఆ గళ్ల పద్ధతి చైనా సరుకు ద్వారా ఐరోపాకు ముందే అలవాటు. అరిత చిత్రకారులూ తమ వంతు మార్పులు చేశారు: 1734లో డచ్చి చిత్రకారుడు కోర్నెలిస్ ప్రోంక్ గీసిన గొడుగు దొరసాని జపాన్ పళ్లెం మీదికి వచ్చేసరికి కిమోనో కట్టింది.

చైనా బట్టీలు 1680ల్లో కోలుకొని ఇమారి రంగులనే తక్కువ ధరకు అమ్మసాగాయి. దాంతో అరిత ఎగుమతి క్షీణించి, 18వ శతాబ్దం మధ్యకల్లా కంపెనీ కొనుగోళ్లు దాదాపు ఆగిపోయాయి. బొమ్మలు మాత్రం ఆగలేదు. జర్మనీలోని మైసెన్, ఫ్రాన్సులోని షాంటియి, ఇంగ్లండులోని చెల్సీ కార్ఖానాలు కాకియెమోన్ పూరేళ్లను నకలు చేశాయి. ఎరుపు, నీలం, బంగారు ఇమారి నమూనాలకు ఇంగ్లండులోని డెర్బీ పేరుపడింది.