‘ఇన్వేడ్’ అను ఆంగ్లక్రియ: అర్థము, ప్రయోగము

ఆంగ్లమున వెలసిన చరిత్రగ్రంథములను ఆధారముగా గొని తెలుగున వ్రాయువారికి తరచుగా ఎదురగు క్రియాపదములలో ‘ఇన్వేడ్’ ఒకటి. దీనికి మనము దండెత్తుట, ముట్టడించుట, దాడిచేయుట, ఆక్రమించుట, చొరబడుట అను మాటలలో చేతికందిన దానిని వాడుచున్నాము. ఇవి పర్యాయపదములు కావు. ఏది వాడిననేమి యని తలచినచో, మూలగ్రంథకర్త చేసిన తీర్పును మనము గమనింపకయే తెచ్చుకొనిన వారమగుదుము. లేదా అతడు చేయని తీర్పును మనమే చేసినవారమగుదుము. అందుచే ఈ పదచరిత్రను సంగ్రహముగా పరిశీలింప నెంచితిమి.

ఈ క్రియకు మూలము లాటిను భాషలోని ‘ఇన్వాదెరె’. ‘ఇన్’ అనగా లోనికి. ‘వాదెరె’ అనగా నడచుట, పోవుట. నీటిలో నడచుటను తెలుపు ఆంగ్లపదము ‘వేడ్’ ఈ ధాతువునకు జ్ఞాతి. తప్పించుకొనుటను తెలుపు ‘ఇవేడ్’, అంతట వ్యాపించుటను తెలుపు ‘పర్వేడ్’ అనునవి దీని తోబుట్టువులు. ధాతువునందు నడకయే కాని శత్రుత్వము లేదు. లాటినులోనే ఉపసర్గయోగముచే పైబడుట, పరుల సొత్తు పట్టుకొనుట అను అర్థములు ఏర్పడినవి. 15వ శతాబ్ది చివర ఆంగ్లమున ప్రవేశించునప్పటికి ఈ క్రియకు శత్రుభావము స్థిరపడియున్నది. మన ‘ఆక్రమణ’ పదమును ఇట్టిదే. సంస్కృతమున ‘క్రమ్’ ధాతువునకు అడుగువేయుట యని యర్థము.

అట్లయిన నడకకు శత్రుత్వము ఎచటినుండి వచ్చినది? నేల యెవరిదని వక్త యెంచునో దానినిబట్టి వచ్చినదని మా యభిప్రాయము. ఇంగ్లండు చరిత్రయందు దీనికి మంచి నిదర్శనము కలదు. 1066లో నార్మండీ ప్రభువగు విలియము సేనతో సముద్రము దాటి వచ్చి, హేస్టింగ్సు యుద్ధమున హెరాల్డును జయించి రాజయ్యెను. ఇరువదియేండ్ల పిమ్మట, 1086లో, అతని యాజ్ఞచే భూముల వివరములు లాటినున లిఖింపబడినవి. ‘డూమ్స్‌డే’ గ్రంథమని ప్రసిద్ధమైన ఆ లెక్కలలో ఎసెక్సు, నార్ఫోకు, సఫోకు మండలముల సంపుటమున ‘ఇన్వాసియోనెస్’ అను శీర్షిక క్రింద ప్రత్యేక ప్రకరణములు కలవు. అవి శత్రుసేనల దాడులను గూర్చినవి కావు. హక్కు లేక పట్టుకొనబడిన భూముల పట్టికలు. విలియము రాకను చెప్పవలసినచోట మాత్రము లేఖకులు రాజు ఈ దేశమునకు వచ్చెననియే వ్రాసిరి. అతడు ఎడ్వర్డు రాజునకు తానే న్యాయమైన వారసుడనని వాదించెను గదా! కొలది యెకరముల నేల పట్టుకొనినవానిది ‘ఇన్వేషను’. రాజ్యమునే పట్టుకొనినవానిది రాక.

దీనికి అపవాదమును గమనింపవలెను. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలండుపై దండెత్తినదని వ్రాయు గ్రంథములే, 1944 జూన్ 6న మిత్రరాజ్యములు నార్మండీ తీరమున సేనలను దింపుటను గూర్చియు ఈ క్రియనే వాడుచున్నవి. ఆ రాజ్యములవారు తామే ఆ మాటను సంకోచము లేక చెప్పుకొనిరి. అప్పుడు ఫ్రాన్సు శత్రువు చేతిలో నున్నది గాన, ఆ మాట నేలకు యజమానియగు ఫ్రాన్సును గాక, దానిని పట్టుకొనియున్నవానిని ఉద్దేశించినది. దోషారోపణము తొలగి యుద్ధశాస్త్ర పరిభాషగా మిగిలినది.

తరువాతి కాలమున ఈ మాటకు న్యాయశాస్త్రపరమైన బరువు కలిగినది. 1974 డిసెంబరు 14న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధిసభ దురాక్రమణమును నిర్వచించుచు, ఒక రాజ్యసేనలు వేరొక రాజ్యభూమిపై చేయు ‘ఇన్వేషను’ను అట్టి చర్యల పట్టికలో మొదటనే చేర్చెను. అట్టి మాటను ప్రభుత్వములు తమ చర్యకు తాము ఒప్పుకొనవు. 2022 ఫిబ్రవరిలో సేనలను ఉక్రెయినులోనికి నడపిన రష్యా దానికి ప్రత్యేక సైనికచర్య యని పేరిడెను.

తెలుగువారికి ఈ చర్చ దూరమైనది కాదు. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు హైదరాబాదు సంస్థానమున ప్రవేశించినవి. 17న నిజాము ప్రభుత్వము లొంగెను. సైనికపరిభాషలో అది ‘ఆపరేషన్ పోలో’. ప్రజలకు తెలిసిన పేరు ‘పోలీసు చర్య’. పోలీసు అనగా ఇంటిలోని వ్యవహారమని భావము. నిజాము ప్రభుత్వమో, అంతకు ముందు ఆగస్టులోనే భద్రతామండలికి మొరపెట్టుకొనియుండెను. నేడును ఆ ఘటనను కొందరు విమోచనమనియు, కొందరు విలీనమనియు, కొందరు ఆక్రమణమనియు చెప్పుచున్నారు. ప్రతి పేరును ఒక వాదమునకు ఫలితమే.

మన మాటలలోను పక్షభేదము కలదు. దండయాత్ర, జైత్రయాత్ర అనునవి నడచువాని వైపునుండి పుట్టినవి; ఆక్రమణ, చొరబాటు అనునవి నేలగలవాని వైపునుండి వినబడును. కపిలేశ్వర గజపతి సేనలు 15వ శతాబ్దిలో దక్షిణమునకు వచ్చుట మనకు దండయాత్ర. 16వ శతాబ్దిలో కృష్ణదేవరాయలు కళింగముపై నడచుట జైత్రయాత్ర. ఓఢ్రదేశీయుడు వ్రాసిన ఈ పేర్లు తారుమారగును. ఇక ‘చొచ్చు’ అను అచ్చతెలుగు క్రియ మిక్కిలి విచిత్రము. శత్రువుల కోట చొచ్చుటయు, శరణు చొచ్చుటయు ఒక్క క్రియచేతనే చెప్పబడుచున్నవి. లాటిను ధాతువువలె ఇదియు తటస్థము. తోడి పదమే దాని స్వభావమును నిర్ణయించును.

యుద్ధేతర ప్రయోగములందు జాగ్రత్త మరింత యవసరము. రోగము దేహమును, పరులు ఒకరి యేకాంతమును ‘ఇన్వేడ్’ చేయుదురని ఆంగ్లేయులు వ్రాయుదురు. అచట దండెత్తుట యనుట హాస్యాస్పదము. రోగము వ్యాపించును, ఏకాంతమునకు భంగము కలుగును.

కావున ఈ క్రియను తెనిగించు పరిశోధకుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను: వచ్చినది సేనయా? నేల యెవరిదని గ్రంథకర్త యెంచెను? ఈ పేరు నాటి పత్రములయందు కలదా, తరువాతివారు పెట్టినదా? నిర్ణయము కుదరనిచోట ‘సేనతో ప్రవేశించెను’ అని వ్రాసి, ఏ పక్షమువారు దానిని ఏమనిరో వేరుగ చెప్పుట మేలు. అట్లు వ్రాసినచో మాట కొంత చప్పబడవచ్చును గాని, తీర్పు చెప్పు అధికారము పాఠకునికి మిగులును.