అబ్దుల్లా ఖాన్ దస్తఖత్

మొన్నొక రాత్రి ఇషా నమాజ్ అయ్యాక నేనూ మా అమ్మాయీ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పాత షెర్లాక్ హోమ్స్ సినిమా చూశాం. పేరు 'ద సైన్ ఆఫ్ ఫోర్'. 1987లో ఇంగ్లండ్‌లో గ్రెనాడా టెలివిజన్ వాళ్ళు తీశారు. డైరెక్టర్ పీటర్ హామండ్. హోమ్స్‌గా జెరెమీ బ్రెట్, డాక్టర్ వాట్సన్‌గా ఎడ్వర్డ్ హార్డ్‌విక్. మా అమ్మాయి నవల ముందే చదివేసింది. కథలో ఒక పాత నక్షా కాగితం ఉంటుంది, దాని మీద నాలుగు పేర్లుంటాయి. జొనాథన్ స్మాల్, మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్, దోస్త్ అక్బర్. ఆ పేర్ల దగ్గర మా అమ్మాయి సినిమా ఆపేసింది.

"అబ్బూ, పుస్తకంలో ఈ ముగ్గురూ సిక్కులని రాశాడు. అబ్దుల్లా ఖాన్ సిక్కు ఎట్లా అవుతాడు?"

నాకు నవ్వొచ్చింది. నేను ఉర్దూ మీడియం బడిలో చదివే రోజుల్లో ఇబ్నె సఫీ జాసూసీ నవలలు డెస్కు కింద పెట్టుకుని చదివినవాణ్ణి. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ దొరికాడు. హోమ్స్ కథలు ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. అయినా ఈ సవాల్ నాకెప్పుడూ తట్టలేదు. పిల్ల అడిగాక నవ్వు ఆగిపోయి షక్ మొదలైంది.

ముందు ఖిస్సా చెబుతాను. ఆర్థర్ కోనన్ డాయల్ రాసిన ఈ నవల 1890లో అచ్చయింది. అప్పటికి ఆయన హిందుస్తాన్ గడ్డ మీద కాలు పెట్టలేదు. కథకు మూలం 1857 గదర్. తిరుగుబాటు రోజుల్లో ఆగ్రా కోటలో కాపలా ఉన్న స్మాల్ అనే ఒంటికాలి తెల్లవాడు, ముగ్గురు పంజాబీ సిపాయిలు కలిసి కసమ్ తింటారు. ఒక రాజు నౌకరు, అహ్మద్ అనే వ్యాపారి వేషంలో తెచ్చిన ఖజానా కోసం అతన్ని ఖూనీ చేసి, జవాహరాత్ పెట్టెను కోటలోనే దాచేస్తారు. ఖూనీ బయటపడి నలుగురికీ యావజ్జీవ శిక్ష పడుతుంది. స్మాల్ అండమాన్ ఖైదులో మేజర్ షోల్టో, కెప్టెన్ మోర్స్టన్ అనే ఇద్దరు అంగ్రేజ్ అఫ్సర్లతో సౌదా కుదుర్చుకుంటాడు. షోల్టో అందరినీ దగా చేసి ఖజానా మొత్తం లండన్‌కు ఎత్తుకుపోతాడు. ఏళ్ళ తర్వాత టోంగా అనే అండమాన్ ఆదివాసీతో కలిసి స్మాల్ తప్పించుకుని లండన్ చేరతాడు. థేమ్స్ నది మీద స్టీమ్ లాంచీలో హోమ్స్ వెంటాడి పట్టుకునేసరికి పెట్టె ఖాళీ. నగలన్నీ నదిపాలు.

1987 సినిమాలో స్మాల్ వేషం జాన్ థా వేశాడు. చివర్లో తన కథ తాను చెప్పుకునే ఆ ఒంటికాలి ముజ్రిమ్‌ను చూస్తే మనసు కొంచెం కరుగుతుంది. దొంగతనం, ఖూనీ చేసినవాడే. కానీ ముగ్గురు హిందుస్తానీ సాథీలకు ఇచ్చిన మాట మరవడు. ఎక్కడికెళ్ళినా తన ఒక్కడి పేరు కాకుండా నలుగురి దస్తఖత్ వదిలి వస్తాడు. ఇన్సాఫ్‌గా ఒప్పుకోవాలి, డాయల్ ఈ కథలో అందరికన్నా పెద్ద దగాబాజ్‌గా ఫిరంగీ అఫ్సర్నే నిలబెట్టాడు.

మరి పేర్ల సంగతి? గదర్‌లో పంజాబ్ సిపాయిల్లో చాలామంది కంపెనీ వైపే ఉన్నారు, అందుకే కోట కాపలాకు సిక్కుల్ని పెడితే కథ అతుకుతుంది. అంతవరకు డాయల్‌కు తెలుసు. సిక్కుకు ఏ పేరుంటుందో, ముసల్మాన్‌కు ఏ పేరుంటుందో మాత్రం తెలియదు. తెలుసుకోవాల్సిన జరూరత్ కూడా పడలేదు. లండన్‌లో చదివేవాళ్ళకు మహమ్మద్, సింగ్, అక్బర్ అన్నీ ఒకే సంతలో సరుకు. 1923లో మారిస్ ఎల్వీ ఇదే నవలను మూకీ సినిమాగా తీశాడు. ఎయిల్ నార్వుడ్ అందులో హోమ్స్. ఆ సినిమా పాత్రల పట్టికలో 'ప్రిన్స్ అబ్దుల్లా ఖాన్' కనిపిస్తాడు, వేసింది ఫ్రెడ్ రేనమ్ అనే తెల్ల నటుడు. నవల్లో కాలాపానీ ఖైదీ సినిమాలో షహజాదా అయిపోయాడు! పేరు అదే, మనిషిని మాత్రం ఎట్లా కావాలంటే అట్లా మలుచుకున్నారు.

టోంగాకు జరిగింది ఇంకా పెద్ద జుల్మ్. నవల్లో అతను నరమాంస భక్షకుడు, గొట్టంతో విషపు ముళ్ళు ఊదుతాడు. అసలు అండమానీల ఆయుధం విల్లంబులు. నరమాంసం మాట వట్టి అబద్ధం. 1858లో ఖైదు పెట్టాక బయటి రోగాలు దీవిలోకి వచ్చాయి. అప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు 1931 జనాభా లెక్కల నాటికి వంద లోపుకు వచ్చేశారు. 1987 సినిమాలో టోంగా వేసిన కిరణ్ షా నైరోబీలో పుట్టినవాడు. తెర మీద అతనికి దక్కింది కూడా భయపెట్టే పనే.

ఇక అండమాన్ తారీఖ్. కాలాపానీ అనగానే మనకు సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. కానీ అది 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన కట్టడం. గదర్ ఖైదీలు దాన్ని చూడలేదు. 1858 మార్చిలో మొదటి జహాజ్ రెండొందల మందితో వచ్చినప్పుడు అక్కడ అడవి, చిత్తడి, మలేరియా తప్ప ఏమీ లేవు. ఆ అడవిని కొట్టింది ఖైదీలే. గొప్ప ఆలిమ్ ఫజ్లె హఖ్ ఖైరాబాదీ 1861లో అక్కడే కన్నుమూశారు. నవల్లో స్మాల్‌కు గుడిసె ఇచ్చిన చోటు మౌంట్ హ్యారియట్ వాలు మీది హోప్ టౌన్. అసలు తారీఖ్‌లో ఆ హోప్ టౌన్ రేవు దగ్గరే 1872 ఫిబ్రవరి 8న షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ, వైస్రాయ్ లార్డ్ మేయోను కత్తితో పొడిచి చంపాడు. నవల్లో గానీ 1987 సినిమాలో గానీ ఆ వార్త జాడ కూడా లేదు.

"మన వాళ్ళెవరైనా అక్కడికి వెళ్ళారా అబ్బూ?" అని అడిగింది మా అమ్మాయి. వెళ్ళారు బేటీ.

1857 జులై 17, జుమా రోజు. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజ్ అయ్యాక జనం కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ వైపు కదిలారు. ముందున్నది తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్. తిరగబడి ఔరంగాబాద్ నుంచి వచ్చిన జమాదార్ చీదా ఖాన్‌ను, అతని సాథీలను దివాన్ సాలార్‌జంగ్ పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు. వాళ్ళను విడిపించాలన్నది వీళ్ళ మాట. రాత్రంతా కాల్పులు జరిగాయి. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తర్వాత తుర్రెబాజ్ ఖాన్ దొరికాడు, ద్వీపాంతర శిక్ష పడింది, జహాజ్ ఎక్కించేలోపే ఖైదు నుంచి తప్పించుకున్నాడు. 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని హైదరాబాద్ తెచ్చి రెసిడెన్సీ దగ్గర వేలాడదీశారు. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపారు. ఆయన తిరిగి రాలేదు, అక్కడే ఇంతెఖాల్ అయ్యారు.

చూడండి, మన వీధుల్లో ఎవడైనా ఎగిరితే "నువ్వేమైనా తుర్రం ఖాన్‌వా" అంటాం. ఆ తుర్రం ఖాన్ ఈ తుర్రెబాజ్ ఖానే అంటారు. ఆ మాట తెలుగులోనూ ఉర్దూలోనూ బతికే ఉంది, మనిషి మాత్రం మరుగునపడ్డాడు. డాయల్ ఇంగ్లండ్‌లో కూర్చుని మన పేర్లు కలగాపులగం చేశాడని కోపం తెచ్చుకోవచ్చు. మరి కోఠీలో బస్సు దిగి రోజూ ఆ రెసిడెన్సీ ముందు నుంచి నడిచే మనం చేసిందేమిటి? నేను జర్నలిస్టును. ఇరవై ఏళ్ళుగా ఆ దారిన తిరుగుతున్నా, మౌల్వీ అలావుద్దీన్ పేరు నా పిల్లకు చెప్పడానికి ఒక ఇంగ్లిష్ జాసూసీ సినిమా అవసరమైంది. ఆ షర్మ్ నాది.

సినిమా మళ్ళీ మొదలుపెట్టాం. పెట్టె ఖాళీ అయింది, స్మాల్‌ను తీసుకెళ్ళారు, కేసు తేలిపోయింది. కానీ ఆ కాగితం మీది మిగతా మూడు పేర్ల సంగతి? స్మాల్ తప్పించుకున్నాడు. మహమ్మద్ సింగ్, అబ్దుల్లా ఖాన్, దోస్త్ అక్బర్ దీవిలోనే మిగిలిపోయారు. బతికారా, చచ్చారా? అంత తెలివైన హోమ్స్ కూడా ఆ ఒక్క సవాల్ అడగడు.

వాళ్ళు కల్పిత మనుషులు, అడగకపోయినా నష్టం లేదు. మౌల్వీ అలావుద్దీన్ అసలు మనిషి. వచ్చే ఆదివారం మా అమ్మాయిని కోఠీ తీసుకెళ్తున్నాను. అక్కడ నిలబడి మౌల్వీ సాబ్‌కు, తుర్రెబాజ్ ఖాన్‌కు మగ్‌ఫిరత్ దువా చేసి వస్తాం. మీ పిల్లలతో మీరూ ఒకసారి వెళ్ళండి.