మరణ విచారణ: అర్హత, పర్యవేక్షణ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో రహదారిపైనో, సాగర్ ఎడమ కాలువలోనో, పురుగుమందు వలననో ఒకరు మరణించినప్పుడు మొదట వినవచ్చే మాట ‘పంచనామా’. మన ‘పంచ’కు పార్సీ ‘నామా’ చేరిన పదమిది. ఊరి పెద్దల సమక్షంలో వ్రాసిన పత్రమని భావం. మరణకారణాన్ని తేల్చేవారికి ఎట్టి అర్హత ఉండవలె? వారిని కనిపెట్టి ఉండేదెవరు? ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

హిజ్రీ 319 (క్రీ.శ. 931)లో బగ్దాదులో ఒక వైద్యుని పొరపాటు వలన రోగి మరణించాడు. ఖలీఫా ముఖ్తదిర్ వెంటనే, సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతించనిదే ఎవరూ వైద్యం చేయరాదని శాసించాడు. ఎనిమిది వందల అరవై మందికి పైగా పరీక్షకు వచ్చారు. ఆజ్ఞను అమలుపరచే బాధ్యత ముహ్తసిబ్‌ది. అర్హతను నిర్ణయించేవాడొకడు, అమలును చూచేవాడు మరొకడు. గమనింపదగినది ఈ విభజనయే.

ఇంగ్లాండులో ఈ పనికి కరోనర్ అనే అధికారి ఉండేవాడు. 1871 చట్టం ఆ పదవిని కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలకే పరిమితం చేసినది. మద్రాసులో అది 1889లో, బొంబాయిలో 1999లో రద్దయినది. నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లాకు కరోనర్ ఎన్నడూ లేడు. 1951 ఏప్రిల్ 1 నుండి భారత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇక్కడ అమలైనది. 2024 జూలై 1 నుండి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినది.

దాని 194వ సెక్షను ప్రకారం పోలీసు అధికారి ఇద్దరు లేక అంతకు మించిన స్థానిక పెద్దమనుషుల ఎదుట శవాన్ని చూచి, గాయాలను వర్ణించి, 24 గంటలలో నివేదికను మేజిస్ట్రేటుకు పంపవలె. అనుమానమున్నచో శవపరీక్ష. అది చేసే డాక్టరు ప్రభుత్వం నియమించిన అర్హుడైతే చాలును. ఫోరెన్సిక్ శాస్త్రంలో ప్రత్యేక పట్టాను చట్టం కోరదు. సూర్యాపేటకు వైద్య కళాశాల వచ్చినది 2019లోనే.

పోలీసు కస్టడీలో మరణం సంభవిస్తే పోలీసు విచారణ ఒక్కటే చాలదనీ, మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అనీ 2006లో అమలైన సవరణ నిర్దేశించినది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ సమీపాన పోలీసు కాల్పులలో నలుగురు నిందితులు మరణించగా, తెలంగాణ హైకోర్టు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులచే రెండవసారి శవపరీక్ష చేయించినది. మొదటి పరీక్షపై మరొకరి దృష్టి అవసరమని న్యాయస్థానమే భావించినదన్నమాట.

జనాజాను ఆలస్యం చేయరాదన్న తొందర ధర్మసమ్మతమే. కాని ఆ తొందరలో చూడకుండా పంచనామాపై సంతకం చేయడం సాక్ష్యం కాదు. డాక్టరు అర్హతను ప్రభుత్వం, అధికారి తీరును మేజిస్ట్రేటు చూడవచ్చును. గాయం ఎక్కడున్నదో తన కళ్ళతో చూచి, ఉన్నది ఉన్నట్లు వ్రాయించవలసినది మాత్రం పొరుగున ఉన్న పంచుడే. చనిపోయినవాని హక్కు మొదట అతని చేతిలోనే ఉన్నది.