బాహుదా మడుగులో ఈత

బడి చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, బడి ఎగ్గొట్టి మనం పోయిన చోటు చరిత్ర నేను రాస్తానని కమిటీవాళ్లకు చెప్పాను.

మదనపల్లెలో చదివినవాళ్లకు ఏరంటే బాహుదానే. భారతంలో లిఖితుడు అన్న శంఖుడి తోటలో అడక్కుండా పండ్లు తింటే, రాజు సుద్యుమ్నుడు చేతులు నరికించాడు. బాహుదలో మునిగితే అవి మళ్లీ మొలిచాయి. ఆ కథ కాణిపాకం దగ్గరి బాహుదకు చెప్తారు. మన ఏరు వేరు, ఇది పింఛాతో కలిసి చెయ్యేరై పెన్నలో పడుతుంది. కుప్పం నుంచి వచ్చిన మిత్రుడొకడు మాత్రం పాలారు ముందు ఇదేం ఏరనేవాడు. నంది కొండల్లో పుట్టి, మన రాష్ట్రంలో 33 కిలోమీటర్లే పారి తమిళనాడుకు పోయే పాలారు పేరు 1892 మద్రాసు-మైసూరు ఒప్పందంలో ఉంది. "మా ఏటికి ఒప్పందముంది, నీళ్లే లేవు" అని వాడే నవ్వేవాడు.

ఎగువ చెరువులు నిండి మొరవ పారితేనే మన ఏటికి నీళ్లు. వాన వెలిశాక మలుపుల్లో మడుగులు మిగిలేవి. ఈత నేర్చింది మాత్రం బావుల్లో, నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని. బావికి మెట్లుంటాయి. మడుగులో కాలి కింద ఇసుక జారుతుంది.

ఎనిమిదో తరగతిలో నాకట్లా జారింది. గుడ్డలుతుకుతున్న ఒకమ్మ జుట్టు పట్టి బయటికి లాగి, చెంప మీద ఒకటిచ్చి, ఆరిన చీర కప్పింది. ఆమె పేరు కూడా అడగలేదు. సంగతి తెలిసిన మా సారు బెత్తం తీయలేదు. ఆ ఏడాదంతా శనివారాలు ఈత రానివాళ్లను తనే బావికి తీసుకుపోయారు.

తర్వాత బోర్లొచ్చి బావులెండాయి. ఇసుక లారీలెక్కి ఏట్లో గుంతలు మిగిలాయి. ఎండిన ఏటికి ఈతెందుకని మనమూ పిల్లలకు నేర్పలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ పల్లెలు మునిగాయి. ఆ వరదలో మన బాహుదా నీళ్లూ ఉన్నాయి.

మొన్న బడికెళ్లి పదో తరగతిలో ఈత ఎవరికొచ్చని అడిగితే ఇద్దరు చేతులెత్తారు. పుంగనూరు వైపు పిల్లోడు హంద్రీనీవా కాలువలో నేర్చుకున్నానన్నాడు. కాలువ గట్లు ఏటవాలు, నీళ్లు వడిగా పోతాయి, పట్టుకోను గడ్డిపోచ ఉండదు. గంట కొట్టాక కూడా వాణ్ణి కూర్చోబెట్టుకుని అదే మాట్లాడాను. ఊళ్లో నీళ్లున్న బావి ఏదైనా మిగిలిందేమో తెలిసినవాళ్లు చెప్పండి, శనివారాలు నేనొస్తాను.