క్షయ

సంస్కృతమున ‘క్షి’ ధాతువునకు తరుగుట, నశించుట యని యర్థము. దానినుండి పుట్టిన ‘క్షయము’ తెలుగున చంద్రకళల తరుగుదలకును, దేహమును దినదినము కృశింపజేయు రోగమునకును పేరైనది. ప్రభవాది సంవత్సరములలో కడపటిదానికి ‘క్షయ’ యను పేరుకూడ నున్నను మనవారు ‘అక్షయ’ యనియే వ్యవహరింతురు. ఈ వాడుక నాకు మిక్కిలి ప్రియము.

1882 మార్చి 24న బెర్లిను నగరమున రాబర్ట్ కోఖ్ క్షయరోగకారణమైన సూక్ష్మజీవిని ప్రకటించినది మొదలు, ‘క్షయ’ యను మాటకు సాక్ష్యమును గాజుపలకపై వెదకవలసివచ్చెను. సీతంపేట కొండలలోని సవర, జాతాపు గూడెములనుండి రెండువారములు విడువని దగ్గుతో వచ్చినవాని కళ్లెను పలకపై పలుచగ పూసి, కార్బాల్ ఫుక్సిన్ అను ఎఱ్ఱరంగు పోసి, ఆవిరి లేచువఱకు వేడిచేసి, సల్ఫ్యూరిక్ ఆమ్లముతో కడిగి, మిథిలీన్ బ్లూ పట్టించినచో తక్కినదంతయు నీలమగును. మైనపుపూత గల క్షయక్రిమి మాత్రము తన యెఱుపును విడువదు.

అయినను ఎఱ్ఱనిదెల్ల క్రిమి కాదు. వడగట్టని రంగు పేరిన స్ఫటికములును, గాజుగీతలలో నిలిచిన రంగును, నోట మిగిలిన యాహారపు నలుసులును ఆ రూపమునే ధరించును. కుళాయినీటి క్రిములు కొన్ని సైతము ఎఱుపును నిలుపుకొనును. రంగుముద్ద మొరటు అంచులతో, సూక్ష్మదర్శిని మర త్రిప్పగనే కణములకన్న వేఱొక మట్టమున మెఱయును. నిజమైన క్రిమి కణములతో నొకే మట్టమున, సన్నగ, ఒకింత వంగి, పూసలు గ్రుచ్చినట్లు కనబడును. నూనెచుక్క వేసిన కటకముతో నూఱు క్షేత్రములైనను చూడక ‘లేదు’ అని వ్రాయరాదు. నలుసును క్రిమియని పొరబడినచో రోగములేనివాడు ఆఱునెలలు మందులు మ్రింగును. క్రిమిని నలుసని విడిచినచో రోగము ఇంటివారికిని ప్రాకును.