శనివారవాడలోని కేక

పుణె నగరమున మూడు తరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములలో మాది యొకటి. మా తాతగారు పాలమూరు ప్రాంతమునుండి కట్టడపు పనులకై వచ్చి ఇచ్చటనే నిలిచిపోయిరి. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, కచేరీలో ఇంగ్లీషు, ఈ మూటి నడుమ మా జీవితము గడచినది. బాల్యమున మేము మొట్టమొదట విన్న చరిత్రకథ శనివారవాడ దయ్యపు కథ.

పున్నమినాటి రాత్రి ఆ కోటగోడల లోపలినుండి "కాకా, మలా వాచవా" యను కేక వినవచ్చునని పుణెలో పుట్టిన ప్రతి పిల్లవానికిని తెలియును. మా అవ్వ దానినే "చిన్నాయనా, నన్ను కాపాడు" అని తెలుగున చెప్పి, మేము అల్లరి చేసినపుడు బెదరించెడిది. పీష్వాలెవరో ఆమెకు తెలియదు. చిన్నాయన దగ్గరకు పరుగెత్తియు బ్రతుకలేకపోయిన పిల్లవాడొకడు కలడని మాత్రము తెలియును.

ఇటీవల మా మనుమడు, "తాతా, ఆ కేక నిజముగా వినబడునా?" అని యడిగెను. వినబడదని యొక్కమాటలో చెప్పవచ్చును. కాని అట్లు చెప్పి ఊరకుండుటకు మాకు మనసొప్పలేదు. దయ్యము కల్ల, హత్య నిజము. దయ్యమును కొట్టివేయుటతోపాటు హత్యను గూడ మరచినచో పిల్లవానికి మేము సగము సత్యమే చెప్పినవారమగుదుము. అందుచేత ఆ కథను మాకు తెలిసినంతవరకు మన సంఘసభ్యుల యెదుట నుంచుచున్నాము.

శనివారవాడ పీష్వాల నివాసము. మొదటి బాజీరావు 1730లో ఒక శనివారమునాడు దీనికి పునాది వేయించెను. 1732లో మరియొక శనివారమున గృహప్రవేశము జరిగినది. ఆతని కుమారుడు నానాసాహేబు కాలమున మహారాష్ట్ర రాజ్యకార్యములన్నియు ఇచ్చటినుండియే నడచెడివి. నానాసాహేబునకు ముగ్గురు కుమారులు. పెద్దవాడు విశ్వాసరావు 1761లో పానిపట్టు యుద్ధమున కూలెను. రెండవవాడు మాధవరావు సమర్థుడై రాజ్యమును నిలువబెట్టి, 1772 నవంబరులో క్షయరోగముచే మరణించెను. అంతట మూడవవాడు నారాయణరావు పదునేడేండ్ల ప్రాయమున పీష్వా యయ్యెను.

నానాసాహేబు తమ్ముడు రఘునాథరావు. 1758లో మహారాష్ట్ర సైన్యములను అటకు వరకు నడిపించిన వీరుడు. పీష్వా పదవి తనకు రాలేదన్న కొరత ఆతనిని జీవితాంతము బాధించినది. నారాయణరావు ఆతనిని ఆ వాడలోనే నిర్బంధమున నుంచెను. పినతండ్రియు కుమారుడును ఒకే కప్పు క్రింద నివసించుచు ఒకరినొకరు నమ్మని స్థితి యేర్పడినది.

1773 ఆగస్టు 30వ తేదీ, మన లెక్కలో విజయ నామ సంవత్సర భాద్రపద శుద్ధ త్రయోదశి, సోమవారము. గణపతి ఉత్సవములు ముగియవచ్చిన దినములు. ఆ మధ్యాహ్నము వాడకు కాపుండవలసిన గార్దీ సిపాయిలు, సుమేర్‌సింగు మొదలగు నాయకులతో కూడి, జీతపు బకాయిలిమ్మని కేకలు వేయుచు లోనికి జొరబడిరి. నారాయణరావు ప్రాణభీతితో పినతండ్రి గదికి పరుగెత్తి ఆతనిని కౌగిలించుకొనెను. గార్దీలు ఆతనిని అక్కడనే నరికిరి. అడ్డుపడిన సేవకులును పరిచారికలును గూడ ప్రాణములు కోల్పోయిరి. పీష్వా వయస్సు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఆతని శవమును గొనిపోయిన ద్వారమునకు నారాయణ దర్వాజా యను పేరు నేటికిని నిలిచియున్నది.

ఈ గార్దీలను గూర్చి తెలుగువారికి తెలియదగిన విషయమొకటి కలదు. గార్దీ యనగా ఐరోపావారి పద్ధతిలో కవాతు నేర్చిన కూలిసైనికుడు. ఈ పేరు ఫ్రెంచివారి కాపలా పదమునుండి వచ్చినదని పలువురి యభిప్రాయము. దక్కనులో ఈ సైన్యపద్ధతిని బలపరచినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. 1753లో ఉత్తర సర్కారులను పొంది, 1757లో బొబ్బిలి కోటను ముట్టడించిన బుస్సీయే ఇతడు. ఆతని క్రింద పనిచేసిన ఇబ్రహీంఖాన్ గార్దీ పిదప మహారాష్ట్రుల కొలువున చేరి పానిపట్టున పోరాడెను. వంగదేశమున సిపాయిని చాలకాలము "తిలంగా" యని పిలిచిరి. తొలినాటి సిపాయిలలో తెలుగునేలవారు అంతమంది యుండుటయే దానికి కారణము. నారాయణరావును చంపినవారిలో తెలుగువారుండిరని మేము చెప్పుట లేదు. జీతముకొరకు కత్తిపట్టు ఆ వృత్తి మన నేలమీదను పెరిగినదనియు, జీతము నిలిచిపోయినచో ఆ కత్తి ఎటు తిరుగునో చెప్పలేమనియు మాత్రమే మా తాత్పర్యము.

ఆ దినమున జరిగిన మరియొక సంగతి దయ్యపుకథలో రాదు. ఆ ఉదయము నారాయణరావు పర్వతి కొండమీది దేవాలయమునకు వెళ్లెను. తనకు కీడు తలపెట్టిరన్న వార్త ఆతని చెవిని పడెను. వెంటనే సేనాని హరిపంత్ ఫడ్కేను పిలిచి, వాడలో జాగ్రత్త చేయుమని యాజ్ఞాపించెను. హరిపంతు ద్రోహి కాడు. భోజనానంతరము చూతములెమ్మని భోజనమునకు వెళ్లెను. ఆ భోజనము ముగియులోపల అంతయు ముగిసినది. గ్రాంట్ డఫ్ దొర 1826లో ప్రకటించిన మహారాష్ట్రుల చరిత్రలో ఈ సంగతి వ్రాసియున్నాడు. బాల్యమున విన్నపుడు మాకు కేక భయము కలిగించినది. ఈ పెద్దవయస్సున ఆ భోజనమే యెక్కువ భయము కలిగించుచున్నది.

ఇక అక్షరపు కథ. రఘునాథరావు గార్దీలకిచ్చిన చీటిలో "ధరావే", అనగా పట్టుకొనవలెనని యుండెననియు, ఆతని భార్య ఆనందీబాయి "ధ"ను "మ"గా మార్చి "మారావే", అనగా చంపవలెనని చేసెననియు లోకులు చెప్పుదురు. మహారాష్ట్రమున "ధ చా మా" యను పలుకుబడియే పుట్టినది. మేము ముప్పదియైదేండ్లు కచేరీలో గుమాస్తాగా పనిచేసి కాగితములు నకలు చేసినవారము. కావున ఈ భాగమును మరికొంత శ్రద్ధతో పరిశీలించితిమి. ఒక్క అక్షరము మారినదని చెప్పుదురు గాని, నిజమునకు అక్షరముతోపాటు దీర్ఘమును గూడ చేర్చవలెను. ఇది మోడీ లిపిలో గొలుసుకట్టుగా వ్రాయు కాలము. దిద్దుట అసాధ్యమని మేమనము. కాని దిద్దినదెవరు? అది ఆనందీబాయి పనియేనని అందరును నమ్ముదురని డఫ్ వ్రాసెను. నమ్మకము వేరు, సాక్ష్యము వేరు. ఆమె కలము పట్టగా చూచితినని చెప్పినవాడు ఆతని గ్రంథమున కనబడడు.

ఈ కథవలన లాభము పొందినదెవరని యోచించినచో విషయము కొంత తేటపడును. చీటి వ్రాయించినవాడు రఘునాథరావు. గార్దీలతో బేరము జరిగినది ఆతని పేరిట. హత్యానంతరము పీష్వా పదవి నెక్కినవాడు ఆతడు. అయినను పట్టుకొనుమని మాత్రమే చెప్పితిననుటకు ఆ యక్షరము ఆతనికి అండయైనది. పాపము స్త్రీమీదికి జరిగినది. దయ్యపుకథలో నేటికిని ఆనందీబాయియే రాక్షసి. కాకా వట్టి బలహీనుడు. ఆమె నిర్దోషియని తేల్చుటకు మాకు అధికారము లేదు. దోషి యనుటకు చాలిన కాగితము లేదని మాత్రము చెప్పగలము.

ఈ చీకటిలో దీపమువలె నిలిచినవాడు న్యాయాధీశుడు రామశాస్త్రి ప్రభుణే. రఘునాథరావు పీష్వా యైన పిదప, కొలువులోని పెక్కుమంది తమ ఉద్యోగములను చూచుకొనుచు మౌనముగా నుండిరి. రామశాస్త్రి కొన్ని వారములు విచారణ జరిపి, కుట్రలో సుమారు 50 మందికి పాలు కలదని తేల్చెను. వారిలో రఘునాథరావు మొదటివాడు. ఈ పాపమునకు ప్రాయశ్చిత్తమేమని పీష్వా యడుగగా, నీ ప్రాణము తప్ప వేరు ప్రాయశ్చిత్తము లేదని ఆయన ముఖముననే చెప్పెనని ప్రసిద్ధి. చెప్పి, ఆ పాలనలో పనిచేయనని పదవి విడిచి వాయి సమీపమందలి పల్లెకు వెడలిపోయెను. ఖాడిల్కర్ 1909లో వ్రాసిన "భావూబందకీ" నాటకమును, 1944లో ప్రభాత్ సంస్థ తీసిన "రామశాస్త్రి" చిత్రమును ఆయనను ఇంటింటికి తెలియజేసినవి.

ఆ తీర్పు కాగితముతో పోలేదు. నానా ఫడ్నవీసు, సఖారాంబాపు మొదలైనవారు ఏకమై రఘునాథరావును త్రోసివేసిరి. భోజనమునకు వెళ్లిన హరిపంతే సైన్యమును నడిపి ఆతనిని తరిమెను. 1774 ఏప్రిలులో నారాయణరావు భార్య గంగాబాయి పురందర దుర్గమున మగశిశువును కనగా, ఆ శిశువునే పీష్వాగా నిలిపిరి. రఘునాథరావు 1775లో సూరతునందు ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసికొనెను. దానివలన మొదటి ఆంగ్ల మహారాష్ట్ర యుద్ధము పుట్టి, 1782లో సాల్బాయి సంధివరకు సాగినది. ఆతడు ఉపకారవేతనము తినుచు 1783లో మరణించెను. రామశాస్త్రి తిరిగివచ్చి న్యాయపీఠము నలంకరించెను. ఇంటి కలహమున పరాయివానిని తీర్పరిగా పిలిచినందులకు దేశము చెల్లించిన మూల్యము ఇంకను పెద్దది. 1817 నవంబరు 17వ తేదీన శనివారవాడపై ఇంగ్లీషువారి జెండా యెగిరినది.

ఇక కేక మాట. 1828 ఫిబ్రవరి 27వ తేదీన వాడలో అగ్ని పుట్టి ఏడు దినములు మండినది. కొయ్యతో కట్టిన మేడలన్నియు బూడిదయైనవి. నారాయణరావు పరుగెత్తిన వసారాయు, పినతండ్రి గదియు నేడు లేవు. మిగిలినవి ప్రాకారము, ఐదు ద్వారములు, పునాదుల వరుసలు, ఎండిన జలయంత్రపు తొట్టి మాత్రమే. రాత్రివేళ ద్వారములు మూసియుండును. కేక విన్నామనువారు గోడ వెలుపల వాహనముల రొదలో నిలిచి విన్నవారే. మరియొక విచిత్రము. కథ పున్నమి రాత్రి యనును. హత్య జరిగినది పున్నమికి రెండుదినముల ముందు, పట్టపగలు, వందలాది జనులు మెలగు వాడలో. చీకటిలో జరిగినదనుకొన్నచో చూచినవారెవరను ప్రశ్న రాదు. పగలు జరిగినదన్నచో చూచి ఊరకున్నవారిని లెక్కింపవలసి వచ్చును. కథ రాత్రికి జరుగుటకు ఇదియు నొక కారణమేమో యని మాకు తోచును.

ఇంతవరకు వ్రాసినవారము మా సొంత సంగతి యొకటి దాచుట న్యాయము కాదు. ఉద్యోగపు తొలిదినములలో, మరణించిన బంట్రోతు పేరు "రామా" యని యుండగా "రాజా" యని నకలు చేసితిమి. ఆ సాయంకాలమే తప్పు మా కంటబడినది. రేపు సవరింతము లెమ్మనుకొంటిమి, మరునాడు మరచితిమి. ఆతని భార్య పింఛనుకై యెనిమిది మాసములు కచేరీ మెట్లెక్కి దిగినది. పొరపాటు పై కచేరీదని అందరు ననుకొనిరి. మేము కాదనలేదు. చివరకు పింఛను వచ్చినది. ఆమె మాకు గూడ నమస్కరించి పోయినది. మేము నోరు విప్పలేదు. ఆమె ఇప్పుడు జీవించి లేదు. ఈ మాట అచ్చులో చెప్పుట ఇదియే మొదటిసారి.

కావున మన కుటుంబములవారికి మా విన్నపము. ఏ రాష్ట్రమున స్థిరపడితిమో ఆ నేల కథలు మన పిల్లల చెవిని పడకమానవు. ఇరుగుపొరుగు పిల్లలతో ఆడుచు వారు దయ్యమును నేర్చికొందురు. దాని వెనుకనున్న మనుష్యులను చెప్పవలసినది మనము. ఇరుగుపొరుగు భాష నేర్చుకొన్నట్లే వారి చరిత్రను గూడ నేర్చుకొన్నచో మనము ఈ యూరికి అతిథులము గాక ఇంటివారమగుదుము.

మేము మనుమని వెంటబెట్టుకొని పట్టపగలు శనివారవాడకు పోయితిమి. నారాయణ దర్వాజా కడ నిలిచి ఈ కథయంతయు, మా పింఛను కాగితముతో సహా, చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. ఇంటికి వచ్చుత్రోవలో దయ్యమును గూర్చి యడుగలేదు. "తాతా, ఆమెతో నీవెందుకు చెప్పలేదు?" అని యడిగెను. మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది.